రాజమల్లన్న కణాలకు తిండి పెట్టిన రోజులు

ముందే చెప్పేస్తున్నాను: నేను దేన్నీ కనిపెట్టలేదు. హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో టెక్నీషియన్‌గా చేరి, అదే గదిలో, అదే కుర్చీలో రిటైరయ్యాను. నా పనల్లా కణాలకు తిండి పెట్టడం, అవి చావకుండా చూడడం.

సిద్దిపేటకు తిరిగొచ్చి కిరాయింట్లో దిగాక, బీఎస్సీ చదివే పక్కింటి అమ్మాయి ఒకరోజు వచ్చి అడిగింది. "ఆంటీ, నేను గూడ స్టెమ్ సెల్స్ పనిల చేరుదామనుకుంటున్న. అండ్ల ఏముంటది?" నోటితో చెప్పబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆ పిల్లకు చాయ్ ఇచ్చి పంపేశాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి రాయను. అవి అన్ని ఉద్యోగాల్లోనూ ఒకేలా ఏడుస్తాయి.

ఆదివారం లేని ఉద్యోగం

మా పని మాటల్లో చెబితే చాలా గొప్పగా ఉంటుంది. పార్కిన్సన్స్ జబ్బు ఉన్న మనిషి చెయ్యి లోపలి వైపు నుంచి జొన్నగింజంత చర్మం తీస్తారు. అందులోని కణాలను మూలకణాలుగా మారుస్తారు. మూలకణం అంటే తాను ఏమవ్వాలో ఇంకా తేల్చుకోని కణం. దాన్ని వారాల తరబడి బతిమాలి నాడీకణంగా మలుస్తారు. ఆ జబ్బులో మెదడు లోపల ఏ రకం కణాలు చచ్చిపోతున్నాయో, అదే రకం కణాలు మన కళ్ల ముందు గాజు గిన్నెలో తయారవుతాయి. మనిషి మెదడు తెరిచి చూడలేం కదా, అందుకని ఆయన కణాలను ఇక్కడ పెంచి, వాటిలో పాడైన ప్రోటీన్ ఎందుకు గడ్డకడుతోందో, ఏ మందు వేస్తే ఆగుతుందో చూస్తాం.

ఈ మాటలు చెప్పేవాళ్లు వేదిక మీద ఉంటారు. వెనకాల గదిలో ఉండేది మేము. ఆ కణాలు ఉండే గులాబీ రంగు నీళ్లనే మేం తిండి అంటాం. మూలకణాలకు రోజూ పెట్టాలి. ఆదివారం లేదు, బతుకమ్మ లేదు, బంద్ లేదు. మా ఇంటికి చుట్టాలొస్తే, "ఆమె ఇంట్ల లేదు, గిన్నెలకు తిండి వెట్టొస్తనని వోయింది" అని మా ఆయన వెక్కిరించేవాడు. నిజమే, ఆయనకంటే వాటికే వేళకు పెట్టాను.

ఆ పనిలో నాకు విసుగు పుట్టలేదు. మగ్గాల వీధిలో పుట్టినదాన్ని. పోగు తర్వాత పోగు చూసుకుంటూ కూర్చోవడం మా ఇంట్లో అందరికీ అలవాటు. మొదటిసారి ఒక నాడీకణం తన పక్కదాని వైపు సన్నటి చెయ్యి చాపడం చూసినప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. సూక్ష్మదర్శిని అద్దం మసకబారిందేమోనని తుడిచాను కూడా.

గాజులు తీయించిన మేడం

మా పెద్ద శాస్త్రవేత్త పేరు సుగుణ గారు. అందరికీ మేడం. కరీంనగర్ వైపు మనిషి. మీటింగుల్లో పుస్తకంలా మాట్లాడేది, మాతో మాత్రం ఇంటి మాటే.

నేను చేరిన మొదటి రోజే నా చేతుల వైపు చూసి, "గాజులు తియ్యి" అంది. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకని అడిగితే, "గాజుల సందుల దుమ్ముంటది, గా దుమ్ముల బూజుంటది, గది ఒక్కటి వడితె నాలుగు నెలల పని పెంట మీదికే" అంది. మరునాడు చూస్తే ఆవిడ చేతులకూ గాజుల్లేవు. చేరిననాటి నుంచీ లేవట. అప్పటి నుంచి నాకు ఆవిడంటే భయం పోయి, గౌరవం మొదలైంది.

కోపిష్టి. మూత సరిగా పెట్టకపోతే గది దద్దరిల్లేలా అరిచేది. కానీ ఎంత పెద్ద నష్టం జరిగినా ఒక్కరి మీదకు నెట్టడం నేను చూడలేదు. చిన్న తప్పుకు అరిచే మనిషి పెద్ద తప్పుకు ఎందుకు నెమ్మదిస్తుందో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. నా తప్పు జరిగిన రోజు అర్థమైంది.

రాజమల్లన్న

రాజమల్లు సిద్దిపేటలో మా మగ్గాల వీధి మనిషే. రక్తసంబంధం లేదుగానీ నేను అన్నా అనేదాన్ని, ఆయన భార్య కనకవ్వను వదినా అనేదాన్ని. గుంట మగ్గం మీద, కాళ్లు గుంటలోకి దించి కూర్చుని, గొల్లభామ చీరలు నేసేవాడు. నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను రంగు పోగులతో, వేళ్లతో ఒక్కొక్కటే ఎక్కించాలి. దానికి చెయ్యి నిలకడగా ఉండాలి.

ఒకసారి నేను ఊరికి వచ్చినప్పుడు పిలిచి, మగ్గం మీది బట్ట చూపించాడు. "చెల్లె, గొల్లభామ నెత్తి మీది కుండ వంకర వోతుంది. చెయ్యి నా మాట ఇంటలేదు." దవాఖానలో చూపించాక పార్కిన్సన్స్ అని తేలింది. గోలీలు రాశారు. మా దగ్గర అలాంటివాళ్ల చర్మం తీసుకునే పని నడుస్తోందని తెలిసి, తానే ఇస్తానన్నాడు.

కాగితాల మీద సంతకం పెట్టే ముందు మేడమ్‌ను సూటిగా అడిగాడు. "గిది ఇస్తె నాకు నయమైతదా?"

"కాదు," అంది మేడం. "మీకు ఫాయిద ఏం లేదన్నా. మీ తర్వాతోల్లకు ఉండొచ్చు. గదీ ఉండొచ్చు అంటున్న, గంతే."

ఆయన నవ్వాడు. "దవాఖానల గింత సాఫ్‌గ జెప్పినోల్లను సూడలే. తీస్కోన్రి."

అలా రాజమల్లన్న కణాలు మా గదికి వచ్చాయి. గిన్నె మీద పేరు ఉండదు, కోడ్ నంబరే ఉంటుంది. కానీ కాగితాలు చదివి వినిపించింది నేనే కాబట్టి, ఆ నంబరు ఎవరిదో నాకు తెలుసు. తెలియకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

తోడు

పెరుగు తోడు అయిపోతే పక్కింటికి గిన్నె పంపుతాం కదా. మా పరిశోధనాలయంలోనూ ఆ పద్ధతే ఉండేది. మంచి కణాలు తయారైతే ఒక చిన్న సీసా పక్క ల్యాబుకు ఇచ్చేవాళ్లం. మన దగ్గర చచ్చిపోతే వాళ్ల దగ్గర ఉన్నది తిరిగి తెచ్చుకోవచ్చు. దాన్ని మేమంతా తోడు అనే పిలిచేవాళ్లం.

ఒక ఎండాకాలం మా ఇంక్యుబేటర్ చెడిపోయి బూజు పట్టింది. రాజమల్లన్న గిన్నెలన్నీ పారబోయాల్సి వచ్చింది. గడ్డకట్టించి దాచిన సీసాలు కరిగిస్తే, అవీ బతకలేదు. అప్పుడు పక్క ల్యాబుకు మనం తోడు ఇచ్చామన్న సంగతి గుర్తొచ్చింది. పరుగెత్తుకెళ్లి తెచ్చాను. సీసా మీద మా కోడ్ నంబరే ఉంది. కరిగించి వేస్తే చక్కగా బతికాయి.

బయటి నుంచి వచ్చిన ఏ సీసా అయినా డీఎన్ఏ పరీక్ష చేశాకే వాడాలని నియమం ఉంది. అది నేనే కొత్తవాళ్లకు నేర్పేదాన్ని. ఆ రోజు మాత్రం, మన తోడే మన ఇంటికి తిరిగొచ్చింది, దానికి మళ్లీ పరీక్షేమిటి అనుకున్నాను. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా వదిలేశాను.

కొన్ని నెలలకు అవి నాడీకణాలయ్యాయి. అప్పట్లో మేం ఒక కొత్త మందును పరీక్షిస్తున్నాం. ఆ కణాల మీద వేశాం. చూస్తే గడ్డలు లేవు. పొడుగాటి చేతులతో, నిండుగా, ఆరోగ్యంగా ఉన్నాయి. పాత ఫోటోల్లో రాజమల్లన్న కణాలు ఎలా కృశించి ఉన్నాయో, ఇవి ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. మేడం అందరికీ మిఠాయి తెప్పించింది. ఆవిడ మిఠాయి తెప్పించడం నా సర్వీసులో అదొక్కసారే.

నోరు జారిన రోజు

ఆ వారమే పెళ్లికని సిద్దిపేట వచ్చాను. రాజమల్లన్న గడపలో కూర్చుని ఉన్నాడు. నడక మందగించింది, ముఖంలో కదలిక తగ్గింది. మా వీధిలో రోగి ముందుకు ఉత్త నోటితో వెళ్లరు. ఏదో ఒక మంచి మాట అనాలి. ముఖం తేటగైందనో, ఒళ్లు చేసిందనో. నా నోట్లో అంతకంటే మంచి మాట సిద్ధంగా ఉంది.

"అన్నా, నీ కణాలు మంచిగైనయే! మందు వేస్తె లేసి కూసున్నయ్!"

చర్మం ఇచ్చినవాళ్లకు ఫలితాలు చెప్పే అధికారం నాకు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోవడం చూసి సంతోషపడ్డాను కూడా. ఇప్పటికీ నా మీద నాకు ఎక్కువ కోపం వచ్చేది ఆ సంతోషం గురించే.

హైదరాబాదు తిరిగొచ్చేసరికి మేడమ్‌కు మిఠాయి మత్తు దిగిపోయింది. "పాత ఫోటోలతోని పోల్చుడు నాకు మనసున వడ్తలేదు భాగ్యా. గిదే సీసల కణాలు, మందు వెయ్యకుంట, పక్కన పెంచు" అంది. పెంచాను. అవి పెద్దవయ్యే వరకు వారాలు పట్టింది. ఒక ఉదయం సూక్ష్మదర్శినిలో చూస్తే, మందు వేయనివి కూడా అంతే నిండుగా, అంతే ఆరోగ్యంగా ఉన్నాయి. మందు వేయకుండానే జబ్బు కణాలు బాగుపడవు. అంటే అవి రాజమల్లన్నవి కావు. ఖాళీగా వదిలేసిన ఆ గడి గుర్తొచ్చి, రిజిస్టరు తీసి చూశాను.

మధ్యాహ్నం కనకవ్వ వదిన ఫోను. "భాగ్యా, మీ అన్న మగ్గం గుంటల దిగి మల్ల లేస్తలేడు. నలుగురం వట్టి లేపినం. కట్టె లెక్క బిగుసుకవోయిండు."

"గోలీలు ఏస్కుంటుండా వదినా?"

"ఏడ? కణాలే మంచిగైనంక గోలీలెందుకని, నువ్వు జెప్పిపోయినప్పటిసంది తగ్గిచ్చుకుంట తగ్గిచ్చుకుంట వారం కింద మొత్తం బంద్ వెట్టిండు. పట్నంల ఎవరో గీ మూలకణాల సూది ఇస్తరట. గది ఏపిచ్చుకుంట, గిన్నెల మంచిగైంది పెయ్యిల గాదా అంటుండు. వచ్చే నెల వోతడట."

"కణాలు ఏడికి వోవు"

మేడం గదిలోకి వెళ్లాను. ఒక పెద్ద సభలో చెప్పడానికి ఈ ఫలితాలే సిద్ధం చేసుకుంటోంది. నిలబడే అన్నీ చెప్పాను. పరీక్ష చేయకపోవడం, రాజమల్లన్నకు చెప్పడం, ఆయన గోలీలు మానేయడం, సూది సంగతి. చెబుతూ ఏడ్చాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అరుస్తుందనుకున్నాను.

"ఆయన ఇప్పుడెట్లున్నడు?" అంది.

ఆ ఒక్క ప్రశ్న కోసం ఆవిడకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. వెంటనే రాజమల్లన్నకు మందులు రాసే డాక్టరుకు తానే ఫోను చేసింది. గోలీలు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడిగి, కనకవ్వకు నా చేత చెప్పించింది. అంతా అయ్యాక నా వైపు తిరిగింది. "కణాలు ఏడికి వోవు. మనిషి ముందు. ఇగ విను. పరీక్ష జెయ్యనిది నీ తప్పు. పాత ఫోటోలు వెట్టుకొని సంబురపడ్డది నా తప్పు. రెండు గలిసినయ్ గాబట్టి గింత దూరం వచ్చింది."

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే, ఆ కణాలు జబ్బు లేని ఇంకెవరివో అని తేలింది. సీసా ఎక్కడ మారిందో, మా చేతిలోనో వాళ్ల చేతిలోనో, చివరికీ తేలలేదు. మేడం సభకు వెళ్లింది. ఫలితాలకు బదులు, ఈ తప్పు ఎలా జరిగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. నా పేరు ఎత్తలేదు. "మేము పరీక్షించలేదు" అని మాత్రమే అంది. వెనక వరసలో కూర్చుని విన్నాను. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు గుసగుసలాడి నవ్వుకున్నారు. ఆవిడ గొంతు మారలేదు.

మరునాడు సెలవడిగాను, సిద్దిపేట వెళ్లి చెప్పొస్తానని. "నేను గూడ వస్త" అంది. వద్దన్నాను. "నువ్వొక్కదానివి వోతే ఆయనే నిన్ను ఓదార్చి పంపుతడు. నిజం సగమే జెప్పొస్తవ్" అంది. నన్ను అంత బాగా చదివేసిందని అప్పుడే తెలిసింది.

ఇద్దరం బస్సెక్కాం. ప్రజ్ఞాపూర్‌లో బస్సు ఆగితే చాయ్ తాగాం. ఎదురుగా ఏదో దవాఖాన హోర్డింగు, దాని మీద వెలిగిపోతున్న మెదడు బొమ్మ. మేడం దాన్ని చూసి, "మెదడు గట్ల వెలిగితే మొదలు మనం పరేషాన్ గావాలె" అంది. నవ్వు రాలేదుగానీ కాస్త ఊపిరి ఆడింది.

రాజమల్లన్న గోలీలు మళ్లీ మొదలుపెట్టి, మగ్గం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను కింద కూర్చున్నాను.

"అన్నా, నేను జెప్పింది తప్పు. మంచిగైనయన్న కణాలు నీయి గావు. నీయి ఎప్పుడో సచ్చిపోయినయ్. గా మందు పని చేస్తదో లేదో మాకు ఎర్క లేదు."

ఆయన చెయ్యి కుర్చీ పిడి మీద వణుకుతూ టకటకమంటోంది. ముందు కనకవ్వే అంది. "ఎర్క లేనప్పుడు ఎందుకు జెప్పినవే? నీ మాట వట్టుకొనే గదా ఆయన గింతకు తెచ్చుకున్నడు?"

"మల్ల గా సూదో?" అన్నాడు రాజమల్లన్న.

"గీ జబ్బుకు గది ఇంకా పరీక్షలల్లనే ఉన్నదన్నా," అంది మేడం. "కండ్ల ముంగట వెట్టుకొని, లెక్కగ, జాగ్రత్తగ చేసే పరీక్షలు వేరే. అవిట్ల చేరేటోల్ల దగ్గర పైసలు దీస్కోరు. పైసలు దీస్కొని నయం జేస్తమనేటోల్ల దగ్గరికైతే మా బాపును గూడ నేను వోనియ్య."

ఆయన మగ్గం వైపు చూశాడు. మా మాట మళ్లీ నమ్ముతాడా, లేక సూది ఇచ్చేవాళ్ల మాట నమ్ముతాడా అన్నది ఆ చూపులోనే తేలాలి.

"పోగు తప్పిందని ఎర్కైనంక గట్లనే నేసుకుంట వోతే చీర మొత్తం పాడైతది," అన్నాడు చివరికి. "తప్పు కాడిదాక ఇప్పుకుంట ఎనకకు రావాలె. నేసేటోనికి గంతకంటె ఏడుపు పని లేదు. మీరు బస్సెక్కి వచ్చి మరీ ఇప్పుతున్రు. సరే, నేను సూదికి వోను." అని రెండో చెయ్యి చొక్కా పైకి లాగాడు. "ఇగ గీ చెయ్యికెల్లి మల్లొక ముక్క దీస్కోన్రి."

మేడం కళ్లు తుడుచుకుంది. "ఇయ్యాల గాదన్నా. కాయిదాలు, డాక్టరు, అన్నీ ఉండాలె. గిట్ల దీస్కుంటె నేను గూడ మీ చెల్లె లెక్కనే అయిత" అంది. రాజమల్లన్న నవ్వాడు. కనకవ్వ నవ్వలేదు, కానీ లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది.

కొత్తగా చేరేవాళ్లకు

కొత్త ముక్క నుంచి మళ్లీ కణాలు పెంచాం. ఈసారి ప్రతి మెట్టు దగ్గరా డీఎన్ఏ పరీక్ష చేశాం. మందు వేశాం. పని చేయలేదు. గడ్డలు అలాగే వచ్చాయి. అదీ వెళ్లి చెప్పాం. "సరే, గది గాదన్నట్టు. ఇంకోటి సూడున్రి" అన్నాడు, పక్కింటికి తాళంచెవి ఇచ్చినంత తేలిగ్గా. అయితే, ఆ గడ్డలు మేం అనుకున్నదానికంటే చాలా ముందే మొదలవుతాయని ఆయన కణాలే మాకు చూపించాయి. ఇప్పుడు చాలామంది ఆ తొలి రోజుల మీదే పని చేస్తున్నారు.

అమ్మాయీ, ఈ పనిలో నీకు మందు దొరకకపోవచ్చు. నాకు దొరకలేదు, మేడమ్‌కు కూడా దొరకలేదు. దానికి సిగ్గుపడకు. బాగా ఇష్టమైన ఫలితం వచ్చిన రోజున మాత్రం ఇంకోసారి లేబుల్ చూడు. చెడ్డ ఫలితాన్ని అందరూ పదిసార్లు చూస్తారు, మంచిదాన్ని ఎవరూ చూడరు. తప్పు చేస్తే ఆ పూటే చెప్పు. అలా చెప్పుకోగల పెద్దమనిషి లేని ల్యాబులో ఎంత జీతం ఇచ్చినా చేరకు. ఇక రోగికి ఆశ పెట్టడం మంచితనం అనుకుంటావు, నేనూ అనుకున్నాను. అది నీ తృప్తి కోసం చేసే పని. మంచితనమంటే ఏమిటో నేను మేడమ్ దగ్గర, ఆ గుంట మగ్గం పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గర నేర్చుకున్నాను.

పెత్రమాస

ఆ తర్వాత రాజమల్లన్న చాలా ఏళ్లే బతికాడు. బొమ్మలు నేయడం మానేసి, కనకవ్వకు నూలు చుట్టిన కండెలు అందిస్తూ కూర్చునేవాడు. చివరికి ఏదో జ్వరం వచ్చి పోయాడు. ఆయన కణాలు మాత్రం మా గదిలోనే ఉన్నాయి.

మొన్న పెత్రమాస నాడు, అంటే పోయిన పెద్దలను తలుచుకునే అమావాస్య నాడు, కనకవ్వ వదిన భోజనానికి పిలిచింది. పొద్దున్నే భర్త పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చి వచ్చింది. వంట చేసి ఆయన ఫోటో ముందు పెట్టింది. నాకు వడ్డించి, తాను కూడా విస్తరి వేసుకుంది కానీ తినడం లేదు.

"భాగ్యా, ఆయనయి గా కణాలు ఇంకా ఉన్నయా?"

ఒకప్పటి నేనైతే, అన్న బతికే ఉన్నడు వదినా అనేదాన్ని. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"ఉన్నయ్ వదినా. గని గవి అన్న గాదు. అన్న చర్మంలకెల్లి పెంచిన కణాలు, గంతే."

"గది నాకెర్కనే. నేనేమన్న పిచ్చిదాన్నా?" అంది. "గవిటికి గూడ ఆకలైతది గదా, నువ్వే అంటుంటివి. నువ్వేమో గీడ నా ఇంట్ల కూసున్నవ్. ఇయ్యాల పండుగ, అందరు ఇండ్లల్లనే ఉంటరు. గవిటికెవరు వెట్టిన్రు?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. చెయ్యి కడుక్కుని ఫోను తీసి, నా జాగాలో ఇప్పుడు పనిచేస్తున్న ఫర్జానాకు కలిపాను. వదినకు వినబడేలా పెట్టి, పేరు చెప్పకుండా కోడ్ నంబరే అడిగాను.

"వెట్టినక్కా," అంది ఫర్జానా. "పొద్దుగాల్నే వచ్చి వెట్టిపోయిన. మంచిగనే ఉన్నయ్."

"లేబుల్ సూసినవా?"

"సూసిన. పోయిన నెల డీఎన్ఏ గూడ చేపిచ్చిన. అవే."

ఫోను పెట్టేశాను. కనకవ్వ వదిన విస్తరి దగ్గరికి జరుపుకుని, మొదటి ముద్ద కలుపుకుంది.